గోడకి చెమ్మ, ఇంట్లో జెర్రులు. పది రోజుల్లో ఏడు కనిపించాయి, ఏం చెయ్యాలి? (శ్రీకాకుళం)

నాగావళి_గట్టు
జులై 19, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. ఇక్కడ కొత్తగా చేరాను, తప్పుగా రాస్తే సర్దుకోండి. మాది శ్రీకాకుళం ఊరి చివర, ఏటి గట్టుకి దగ్గర. మామయ్యగారు 2006లో కట్టిన ఇల్లు, కింద మూడు గదులు, పైన ఉత్త డాబా. వానలు మొదలైనప్పటి నుంచి ఇంట్లో జెర్రులు. ఒకటీ అరా అయితే ఊరుకునేదాన్ని, పది రోజుల్లో ఏడు చూశాను. ఇవాళ రాత్రి లేచి లైటు వేసేసరికి బాత్రూమ్ గుమ్మం దగ్గర జానెడు పొడుగుది, తల ఎర్రగా, కాళ్ళు పసుప్పచ్చగా, నేను చీపురు తెచ్చేలోపు బీరువా కిందకి దూరిపోయింది. ఆయన్ని లేపి బీరువా జరిపిస్తే జెర్రి సంగతి మర్చిపోయాం, వెనక గోడ చూసి. నడుం ఎత్తు వరకు పుట్టీ అప్పడంలా ఉబ్బి ఉంది, వేలు పెడితే తెల్లటి పొడి జలజలా రాలింది, బీరువా వెనక రేకుకి తుప్పు. పోయిన ఏడాదే 38 వేలు పెట్టి ఇల్లంతా రంగులు వేయించాం.

మా పాపకి రెండేళ్ళు. కరెంటు పోతే ఉక్కకి ఓర్చుకోలేక అందరం గచ్చు మీదే పడుకుంటాం. నాకు నిద్ర పట్టడం లేదు. జెర్రులు పోవడానికి మంచి మందేదైనా ఉంటే చెప్పండి.

బొబ్బిలి_పెంకుటిల్లు
జులై 20, ఉదయం 6:40

మా ఇంట్లో అయితే వాటికీ రేషన్ కార్డు ఉంది అక్కా. పాత పెంకుటిల్లు, మట్టి గోడలు, మా నాయనమ్మ వాటితో మాట్లాడుతుంది కూడా. జోకులు పక్కన పెడితే, రాళ్ళుప్పు గోడ వారన గీతలా పోయండి, దాటి రావు. కిరసనాయిలు దొరికితే గుడ్డతో గచ్చు తుడవండి.

అద్దింటి_కష్టాలు
జులై 20, ఉదయం 8:15

మేం విజయనగరంలో కింది వాటాలో అద్దెకుంటున్నాం, మాదీ ఇదే బాధ. ఓనరుకి చెబితే "వానాకాలం కదమ్మా, పురుగూ పుట్రా మామూలే" అంటాడు. నేను గమాక్సిన్ పౌడరు చల్లాను, రెండు రోజులు కనిపించలేదు, మళ్ళీ మామూలే. బాత్రూములో బ్లీచింగూ యాసిడ్డూ కలిపి పోస్తే లోపలున్నవన్నీ చస్తాయని పక్కింటావిడ చెప్పింది, ఇంకా చెయ్యలేదు.

సిస్టర్_రాజాం
జులై 20, ఉదయం 8:31

చెయ్యొద్దు!! బ్లీచింగ్‌లో యాసిడ్ పడితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపేసుకున్న బాత్రూములో జెర్రి కంటే ముందు మనం పడిపోతాం. నేను ఆసుపత్రిలో నర్సుని, అలా ఊపిరాడక వచ్చినవాళ్ళని చూశాను. ఒకసారికి ఒకటే వాడండి, తలుపులు తీసి వాడండి.

బయాలజీ_మేష్టారు
జులై 20, ఉదయం 10:05

గమాక్సిన్ అని మనం అలవాటుగా అంటున్నాం గానీ ఆ అసలు మందు, బీహెచ్‌సీ, 1997లోనే మన దేశంలో నిషేధించారు. ఇప్పుడు సంచి విప్పి అమ్మే తెల్ల పొడి ఏమిటో అమ్మేవాడికే తెలియాలి. పసిపాప పాకే ఇంట్లో అది చల్లకండమ్మా.

అసలు జెర్రి మీ ఇంటికి ఎందుకొస్తుందో చూడండి. దాని ఒంటి మీద నీటిని ఆపే మైనం పొర పురుగులకి ఉన్నట్టు ఉండదు, పొడిగా ఉన్న చోట గంటల్లో ఎండిపోతుంది. అందుకే పగలంతా తడిగా, చీకటిగా ఉన్న సందులో ఉండి రాత్రి వేటకి వస్తుంది. వేట అంటే బొద్దింకలు, చిమ్మెటలు, సాలీళ్ళు. అంటే మీ ఇంట్లో తడి ఉంది, బొద్దింకలూ ఉన్నాయి. ఈ రెండూ ఉన్నన్నాళ్ళు ఏడింటిని చంపితే ఎనిమిదోది వస్తుంది.

ఇంకొకటి, శతపాది అని పేరే గానీ వంద కాళ్ళుండవు. మన ఇళ్ళలో కనిపించే ఈ పెద్ద రకానికి 21 జతలు. ఏ రకమైనా జతలు బేసి సంఖ్యే, కాబట్టి సరిగ్గా వంద కాళ్ళున్న జెర్రి ఉండే వీలే లేదు. గుండ్రంగా చుట్టుకునే నల్లటి రోకలిబండ వేరే జాతి, అది కరవదు. ముట్టుకుంటే చేతికి మరక అంటుతుంది, ఆ చేత్తో కళ్ళు నులుముకుంటే మండుతుంది, అంతే. 2021లో ఆస్ట్రేలియాలో 1306 కాళ్ళున్న రోకలిబండ దొరికిందని ప్రకటించారు. పాఠాలు చెప్పిన అలవాటు, పోదు.

నాగావళి_గట్టు
జులై 20, మధ్యాహ్నం 2:20

మేష్టారూ, బొద్దింకలు ఉన్నాయండీ, సింకు కింద. మీరు చెప్పాక అర్థమైంది. సిస్టర్ గారూ, పాపని కరిస్తే ఏం చెయ్యాలి? మా అత్తగారు సున్నం రాయాలంటున్నారు. నిద్రలో చెవిలో దూరుతుందని కూడా భయపెడుతున్నారు.

సిస్టర్_రాజాం
జులై 20, రాత్రి 9:10

డ్యూటీ ఇప్పుడే అయింది. సున్నం వద్దు, చర్మం కాలుతుంది. కొయ్యడం, పీల్చడం, తాడు కట్టడం ఏవీ వద్దు. సబ్బునీళ్ళతో బాగా కడగండి. ఆ తర్వాత ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో ఆ చోటు ఉంచితే నొప్పి తగ్గుతుంది, కానీ చిన్నపిల్లకి ముందు మీ మోచెయ్యి పెట్టి చూసుకోండి, కాలకూడదు. అది కుదరకపోతే గుడ్డలో ఐస్ చుట్టి పెట్టండి. పెద్దవాళ్ళకి ఒక రాత్రి నొప్పి, వాపు, మర్నాటికి తగ్గుతుంది. నాకే చెప్పులో ఉండి మడమ మీద కరిచింది, తెల్లార్లూ కాలు పట్టుకుని కూర్చున్నాను. రెండేళ్ళ పాప అయితే మాత్రం ఇంట్లో చూసుకుందాంలే అనుకోకుండా డాక్టరుకి చూపించండి. ఎవరికైనా సరే ఆయాసం, ఒళ్ళంతా దద్దుర్లు, వాంతులు వస్తే వెంటనే 108.

చెవిలో ఏ పురుగు దూరినా పుల్ల పెట్టి తియ్యొద్దు, ఆసుపత్రికి రండి. అంత తరచుగా జరిగేది కాదు, అత్తగారికి చెప్పండి.

నా అసలు భయం వేరే. రాత్రి ఏదో కుట్టింది, ఏమిటో కనిపించలేదు, జెర్రే అయ్యుంటుందిలే అని పడుకుంటారు చూడండి, అది ప్రమాదం. కట్లపాము కాటుకి చాలాసార్లు నొప్పే తెలియదు, నేల మీద నిద్రపోయేవాళ్ళనే ఎక్కువ కరుస్తుంది. కరిచింది జెర్రి అని కళ్ళతో చూస్తే తప్ప ఆసుపత్రికి వచ్చేయండి. ముందు పాపని మంచం ఎక్కించండి, దోమతెర నాలుగు పక్కలా పరుపు కిందకి దోపండి, దుప్పటి గచ్చుకి వేలాడకుండా చూడండి.

తాపీ_తాతయ్య
జులై 21, ఉదయం 5:30

అందరూ జెర్రి గురించే మాట్లాడతన్నారు. ఆ గోడ సంగతి ఎవరూ అడగరేటి?

నాది చీపురుపల్లి దగ్గర పల్లె, నలభై ఏళ్ళు తాపీ పని చేసి మానేశాను, మా మనవరాలు టైపు చేస్తోంది. ముందుగా ఆ బొబ్బిలి కుర్రాడికి చెప్పేది, గోడ వారన ఉప్పు పొయ్యమని ఎవరికీ చెప్పకు నాయనా. ఇటుక ఆ ఉప్పునీటిని పైకి లాక్కుంటుంది. ఉప్పు పట్టిన గోడ గాలిలో చెమ్మ కూడా తాగుతుంది, వాన లేకపోయినా తడి ఆరదు. జెర్రి కోసం గోడని పాడు చేసుకున్నట్టు.

తల్లీ, నాకు ఇవి చెప్పు. ఆ మరక గచ్చు నుంచి ఎన్ని అడుగులు, పైన గీత కొట్టినట్టు ఆగిందా లేక మచ్చలు మచ్చలుగా ఉందా? ఎండాకాలంలో ఆరుతుందా? ఆ గోడకి అవతల పక్క ఏముంది? ట్యాంకు రాత్రి నింపి, కుళాయిలన్నీ కట్టేసి, నీటి మట్టం దగ్గర గీత పెట్టి తెల్లారి చూడు, తగ్గితే పైపు కారుతున్నట్టు. గోడ మీద మూరెడు పాలిథీన్ కాయితం నాలుగు అంచులా టేపేసి రెండు రోజులు ఉంచు. కాయితం లోపలి వైపు నీరు పడితే గోడలోంచి వస్తోంది, బయటి వైపు పడితే గదిలో గాలి చెమ్మ.

ఆఖరిది. ఇల్లు కట్టినప్పుడు వీధి గుమ్మానికి ఎన్ని మెట్లు? ఇప్పుడు ఎన్ని?

బొబ్బిలి_పెంకుటిల్లు
జులై 21, ఉదయం 7:02

తప్పయింది తాతయ్యా. ఉప్పు వెనక్కి తీసుకుంటున్నాను.

ఉద్దానం_కుర్రోడు
జులై 21, రాత్రి 10:18

తాతయ్య ఉప్పు గురించి చెప్పింది అక్షరాలా నిజం. మాది సోంపేట వైపు, సముద్రానికి దగ్గర. ఇంటికి ఇసుక ఎక్కడిదో నాన్న అడగలేదు, చవగ్గా వచ్చిందని తోలించుకున్నారు, ఉప్పు కయ్య పక్కది. తిత్లీ తుఫాను (2018) తర్వాత పైకప్పు బాగు చేయించినప్పుడు గోడలూ మళ్ళీ పూయించాం. అయినా ముసురు పట్టిందంటే చాలు గోడలు చెమటలు పడతాయి, పైపు కారడం లేదు, ఏమీ లేదు. ఎండ కాస్తే మామూలే. ఆ పూత మొత్తం కొట్టేసి మంచి ఇసుకతో మళ్ళీ చేయిస్తే తప్ప పోదంటున్నారు. డబ్బులు లేవు, అలవాటు పడ్డాం.

నాగావళి_గట్టు
జులై 24, మధ్యాహ్నం 3:45

తాతయ్యగారూ, అన్నీ చేశాను. మరక గచ్చు నుంచి రెండున్నర అడుగులు, పైన గోధుమరంగు గీత కొట్టినట్టే ఆగింది, దాని కింద తెల్లగా ఉప్పు. ఏప్రిల్, మే నెలల్లో కాస్త ఆరుతుంది గానీ పూర్తిగా పోదు. ట్యాంకు గీత కదల్లేదు. పాలిథీన్ లోపలి వైపు బొట్లు బొట్లుగా నీరు. అవతల పక్క మా పెరటి సందు, సిమెంటు చప్టా.

మెట్ల సంగతి నాకు తెలియదు, పెళ్ళయి వచ్చేసరికే ఇలా ఉందనుకున్నాను. పెళ్ళి ఆల్బమ్ తీశాను. 2015లో గృహప్రవేశం రోజు హారతి పళ్ళెం దగ్గర నిలబడ్డ ఫోటోలో నా కాళ్ళ కింద మూడు మెట్లున్నాయి! పక్కన అరుగు మీద మా ఆడపడుచు కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. ఇప్పుడు మెట్టు ఒక్కటే. అరుగు మీద కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి వస్తాయి. మధ్యలో రెండుసార్లు సీసీ రోడ్డు వేశారు, పాతది తవ్వకుండా దాని మీదే. రోడ్డు నీళ్ళు లోపలికి వస్తున్నాయని మామయ్యగారు సందులో మట్టి నింపించి చప్టా వేయించారట. ఇన్నాళ్ళూ రోజూ ఆ మెట్టు ఎక్కి దిగుతున్నాను, ఒక్కసారి కూడా తట్టలేదు.

తాపీ_తాతయ్య
జులై 25, ఉదయం 5:40

అనుకున్నాను. రెండు మెట్లు మట్టిలో పోయాయంటే అడుగు ఎత్తు పూడ్చారన్నమాట.

చూడు తల్లీ, పునాది మీద గోడ లేపేముందు డీపీసీ అని రెండు అంగుళాల కాంక్రీటు పొర వేస్తాం, కింది నేల తడి ఇటుకలోకి ఎక్కకుండా. అది బయట నేల కంటే కనీసం ఆరంగుళాలు పైన ఉండాలి. మీ మామయ్యగారి మేస్త్రి వేసే ఉంటాడు, 2015 ఫోటోలో గోడ బాగానే ఉంది కదా. ఇప్పుడు అది మట్టి కింద ఉంది. మట్టి దానికి పైన ఇటుకని ఆనుకుంది, ఏటి గట్టు నేల, వానల్లో ఊటెక్కుతుంది. వత్తి నూనె పీల్చినట్టు ఇటుక నీళ్ళు పీలుస్తుంది, సాధారణంగా ఒక మూడడుగులు ఎక్కి ఆగుతుంది. నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు గోడ మీద మిగులుతుంది, ఆ ఉప్పు నీ పుట్టీని తోసేస్తుంది. ఆ రంగులేసినవాడి తప్పేం లేదు. అయితే తడి గోడ మీద వేశాడు చూడు, అదొక్కటే తప్పు.

మీ జెర్రులు ఎక్కడున్నాయో కూడా చెబుతాను. చప్టాకీ గోడకీ మధ్య సందు వేలు దూరేంత ఉంటుంది, చూసుకో.

సైట్_ఇంజనీర్
జులై 25, ఉదయం 11:20

తాతయ్యగారి నిర్ధారణ కరెక్టు. కానీ చప్టా, మట్టి తవ్వి తియ్యకుండా వేరే దారి ఉంది. గోడ అడుగున ఇటుకల మధ్య సిమెంటు వరసలో నాలుగైదు అంగుళాలకొకటి చొప్పున డ్రిల్లుతో రంధ్రాలు వేసి సిలేన్ క్రీమ్ (ఇటుక నీటిని పీల్చకుండా చేసే మందు) ఎక్కిస్తే కొత్త డీపీసీలా పనిచేస్తుంది. లోపలి వైపు వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేస్తే రెండు రోజుల పని.

తాపీ_తాతయ్య
జులై 25, సాయంత్రం 6:15

బాబూ, నువ్వు చదువుకున్నవాడివి, కాదనను. ఆ మందు పనిచెయ్యదని కూడా అనను. కానీ బయట అడుగు మట్టి గోడకి ఆనించి ఉంచి, లోపల రబ్బరు పూత పూస్తే నీళ్ళు ఎక్కడికి పోతాయి? పూత పైనుంచి ఇంకో రెండడుగులు ఎక్కుతాయి. సిమెంటు పూత మీద సిమెంటు పూత పూసి చెమ్మని కిటికీ అంచు దాకా తరిమినవాళ్ళని చూశాను. ముందు మట్టి తియ్యి. అప్పటికీ ఎక్కితే నీ మందు.

సైట్_ఇంజనీర్
జులై 25, రాత్రి 8:50

మట్టి తియ్యడం ముందు, అది ఒప్పుకుంటాను. లోపలి పూత మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ సందులో మట్టి తీస్తే రోడ్డు నీళ్ళు మళ్ళీ లోపలికే వస్తాయి, దానికి దారి చూడకుండా తవ్వితే ఇంటి చుట్టూ కందకం అవుతుంది. గోడ పొడుగునా అడుగు వెడల్పున తవ్వి, అడుగున చిల్లుల పైపు వేసి, కంకరతో నింపి, పల్లం ఉన్న వైపు కాలువలోకి వదలాలి. వీధి గేటు దగ్గర చిన్న గట్టు కట్టాలి.

నాగావళి_గట్టు
జులై 27, రాత్రి 10:40

మామయ్యగారికి చెప్పాం. చప్టా ఆయన దగ్గరుండి వేయించింది, మూడు రోజులు ట్యూబుతో నీళ్ళు పట్టారట. "నేను బతికుండగా పగలగొడతారా" అని అన్నం దగ్గర నుంచి లేచిపోయారు. ఆయన చెవికి సగమే వినపడుతుంది, అత్తగారు పక్కింటివాళ్ళతో "జెర్రి ఉందట" అంటుంటే జెర్రిపోతు అనుకుని రాత్రి కర్ర పట్టుకుని పెరడంతా తిరిగారు. జెర్రిపోతుంటే తాచు కూడా ఉంటుందని ఆయన నమ్మకం.

బయాలజీ_మేష్టారు
జులై 28, ఉదయం 9:00

జెర్రిపోతు విషం లేని పాము, ఎలుకల్ని తింటుంది. తాచుకి అది మగడు అని మన వైపు అందరూ అంటారు గానీ రెండూ వేరు వేరు జాతులు, వాటికి జత కుదరదు. మామయ్యగారికి ఇది చెప్పకండి, ఆ కర్ర పట్టుకుని పెరట్లో తిరిగితే చప్టా పక్క సందు ఆయనకే కనిపిస్తుంది.

నాగావళి_గట్టు
ఆగస్టు 16, రాత్రి 9:25

మేష్టారు అన్నట్టే జరిగింది. ఒకరోజు ఆయనే టార్చి వేసి చూసి, సందులోంచి రెండు జెర్రులు రావడం చూసి, పొద్దున్నే మనిషిని పిలిచారు. ఒప్పుకున్నానని మాత్రం అనలేదు, "కాస్త ఆ మూల వరకు చూద్దాం" అన్నారు. ఆ మూల కాస్తా ఇరవై రెండు అడుగులు అయింది.

చప్టా ముక్క లేపినప్పుడు కింద ఒక తల్లి జెర్రి. ఉంగరంలా చుట్టుకుని ఉంది, మధ్యలో సగ్గుబియ్యం లాంటి పసుప్పచ్చ గుడ్లు, ఒక పాతిక ఉంటాయేమో. వెలుతురు పడినా పారిపోలేదు, కాళ్ళన్నీ గుడ్ల మీదికి ముడుచుకుంది. పారతో కొట్టబోతే మా ఆయన ఆపారు, మట్టితో సహా తట్టలోకి తీసి దూరంగా కంద మొక్కల్లో పోశారు. నాకు ఒళ్ళు జలదరించింది, జాలి కూడా వేసింది, ఏం చెప్పాలో తెలియదు.

తవ్వాక గోడ అడుగున డీపీసీ గీత కనిపించింది తాతయ్యగారూ, మట్టికి తొమ్మిది అంగుళాల లోపల. కంకర, పైపు వేయించాం. లోపల ఉబ్బిన పూత మరక కంటే అడుగు పైదాకా కొట్టించేశాం, ఇటుకలు బయటికి ఉన్నాయి, హాలు సత్రంలా ఉంది. సింకు కింద బొద్దింకలకి జెల్ పెట్టాను, బాత్రూమ్ నానీ ట్రాప్‌కి (గచ్చు మీద నీళ్ళు పోయే తూము) సన్నజాలీ, తలుపు కింద రబ్బరు పట్టీ. పెరటి గోడకి ఆనించిన కొబ్బరి డొక్కలు, పాత పెంకులు తీయించేశాను. బీరువా గోడకి జానెడు దూరం జరిపాను.

ఇప్పుడు పూత ఎప్పుడు వేయించొచ్చు? దసరాకి ఆడపడుచు వాళ్ళు వస్తారు.

తాపీ_తాతయ్య
ఆగస్టు 17, ఉదయం 5:35

దసరాకి కాదు. సంక్రాంతికీ కాదు. అంగుళానికి నెల అని పాత లెక్క, తొమ్మిదంగుళాల గోడ. వచ్చే ఎండలు తగిలాక మే నెలలో చూద్దాం. అప్పటిదాకా పొడి బ్రష్షుతో ఇటుక మీద ఉప్పు దులిపి ఎత్తి బయట పారెయ్యి, నీళ్ళతో కడక్కు. పూత వేయించినప్పుడు సున్నం కలిపిన పూత వేయించు, గోడ ఊపిరి తీసుకోవాలి. పుట్టీ వద్దు. ఆడపడుచు వస్తే చీర ఒకటి అడ్డం కట్టు, ఇంటి పిల్లేగా.

నాగావళి_గట్టు
అక్టోబర్ 12, మధ్యాహ్నం 1:10

చీరే కట్టాం. ఆడపడుచు నవ్వి, పాత అరుగు ఫోటో చూసి ఏడ్చింది. మామయ్యగారు ఇటుకల మీద తడి ఎక్కడిదాకా ఉందో ప్రతి ఆదివారం సుద్దముక్కతో గీత పెట్టి తేదీ రాస్తున్నారు. మొదటి గీతకీ నిన్నటి గీతకీ నా చేతి నాలుగు వేళ్ళు తగ్గింది. సెప్టెంబరులో జెర్రులు రెండు కనిపించాయి, ఈ నెలలో ఇంకా లేదు. పాప దోమతెరలోనే పడుకుంటోంది.

ఫ్లాట్_304
అక్టోబర్ 12, సాయంత్రం 7:48

ఇదంతా చదివాను, మాదీ ఇలాగే అనిపిస్తోంది. విజయనగరంలో మూడో అంతస్తు, బెడ్‌రూమ్ గోడ కింద రెండడుగులు తడి. డీపీసీ పోయిందంటారా?

తాపీ_తాతయ్య
అక్టోబర్ 13, ఉదయం 5:50

మూడో అంతస్తుకి నేల తడి ఎలా ఎక్కుతుంది బాబూ. ఆ గోడ అవతల బాత్రూమే అయ్యుంటుంది. రెండు రోజులు ఆ బాత్రూమ్ వాడకుండా చూసి, వేరే టాపిక్ పెట్టు, అక్కడ మాట్లాడదాం.